మా ఇంట్ల ఆడోళ్ళు యాడికి పోరు

ఆ రోజుల్లో ఒక మనిషి ఎక్కడికెళ్ళాడో తెలుసుకోవాలంటే వాళ్ళింటికెళ్ళి అడగడం తప్ప వేరే దారి లేదు. ఇప్పుడైతే మనం ఏ బస్సెక్కామో, ఏ మిఠాయి కొట్టు ముందు ఎంతసేపు తచ్చాడామో మనకన్నా మన ఫోనుకే బాగా తెలుసు. అప్పుడు అలా కాదు. చేతిలో పరీక్ష అట్ట, దాని క్లిప్పు కింద ప్రశ్నపత్రాలు, మెడలో యూనివర్సిటీ కార్డు, కాళ్ళకి మా తమ్ముడు వదిలేసిన కాన్వాస్ బూట్లు, నెత్తిమీద సికిందరాబాదు ఎండ. ఇదీ నా పరిశోధన. నగరంలో జనం ఎక్కడికి, ఎందుకు, దేనిమీద వెళ్తారన్నది నా పీహెచ్‌డీ విషయం. చుట్టాలెవరైనా "అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడిగితే నాన్న గొంతు సవరించుకుని "రవాణా విధానాల మీద రీసెర్చి" అనేవారు. "అంటే బస్సుల గురించా?" అనేవాళ్ళు వాళ్ళు. "ఆ, అలాంటిదే" అని నాన్న మెల్లగా మాట మార్చేసేవారు. బస్సుల గురించి తెలుసుకోవడానికి ఎమ్మే దాటి చదవాలా అన్న అనుమానం ఆయనకీ లేకపోలేదు.

నాన్న కోస్తాలో మిషన్ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరై సికిందరాబాదు చేరిన మనిషి. ఆయన దృష్టిలో లోకంలో ఉద్యోగమంటే టీచరు ఉద్యోగమే. మిగతావన్నీ అది దొరకనివాళ్ళు చేసుకునేవి. అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఏడాది చివర యూనివర్సిటీ కమిటీ పెట్టే రివ్యూలో నెగ్గితే నా చదువు సాగుతుంది. ఓడితే సీటు పోతుంది, దాంతోపాటు స్టైపెండూ పోతుంది, నేను నోరెత్తకుండా జూన్‌లో మా బాబాయి నడిపే స్కూల్లో చేరాలి (అక్కడ నాకు ఒకటో తరగతి ఇస్తారనీ, ఆ తరగతి పిల్లలు కరుస్తారనీ వినికిడి). అమ్మ ఎవరి పక్షమో చెప్పకుండా, రాత్రి ప్రార్థనలో నా రివ్యూనీ పక్కింటావిడ మోకాళ్ళ నొప్పినీ కలిపి దేవుడికి అప్పజెప్పేది.

మా గైడుగారిని మేమంతా సిగ్నల్ సారు అనేవాళ్ళం. ఎవరేం చెబుతున్నా సగంలో అరచెయ్యెత్తి, నాలుగు రోడ్ల కూడలిలో పోలీసులా ఆపేసేవారాయన. రాంగోపాల్‌పేట సందులు, బోయిన్‌పల్లి, సైనిక్‌పురి అన్నీ తిరిగి మడమలు కాయలు కాయించుకుని నేను తెచ్చిన కాగితాలు ఓ సాయంత్రం ఆయన ముందు గర్వంగా పెట్టాను. నాలుగు కాగితాలు తిప్పేసరికి చెయ్యి లేచింది.

"ఆగమ్మా. ఇందులో ఆడవాళ్ళెవరూ ఇల్లు కదలట్లేదేంటి?"

"అందరూ అదే చెప్పారు సార్."

"అందరూ ఇళ్ళల్లోనే ఉంటే మన సిటీ బస్సుల్లో ముందు సీట్లన్నీ ఎవరితో నిండిపోతున్నాయి? దెయ్యాలతోనా? ఈ డేటా పట్టుకుని రివ్యూకెళ్తే నిన్ను కాపాడ్డం నావల్ల కాదు. మళ్ళీ చెయ్యి."

"మొత్తమా సార్?"

"మొత్తం."

ఆ రాత్రి నాకు ఒకటో తరగతి పిల్లలు కల్లోకొచ్చారు. నిజానికి తప్పెక్కడుందో నాకు కొద్దికొద్దిగా తెలుస్తూనే ఉంది. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ మేజరుగారు వరండాలో నిటారుగా కూర్చుని తన ముందురోజు తిరుగుళ్ళన్నీ యుద్ధ నివేదికలా చెప్పి, "మా మేడం ఎక్కడికీ వెళ్ళదు. రాసుకోండి" అన్నారు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆ మేడంగారు ఆటో దిగి, రెండు చేతులా రెండు సంచులతో గేటు మోకాలితో తోసుకుని లోపలికొచ్చారు. మేజరుగారు ఆవిణ్ణి చూశారు, నేనూ చూశాను. చూసి, సున్నా వేశాను. కళ్ళతో చూసింది రాయడానికి నా ప్రశ్నపత్రంలో గడి లేదు మరి! ఇక అత్తగారున్న ఇళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెడలో కార్డేసుకున్న పిల్ల వచ్చి "నిన్న మీరు ఎక్కడెక్కడికి వెళ్ళారు?" అని అత్తగారి ఎదుట కోడల్ని అడిగితే, ఎంత గడుసు కోడలైనా ఏం చెబుతుంది?

రెండో విడత రాంగోపాల్‌పేటలో మొదలుపెట్టాను. ఇరుకు సందు, మిట్టమధ్యాహ్నం. పొద్దున ఇంట్లో అలిగి టిఫిన్ తినకుండా వచ్చాను (ఎవరిమీద అలిగానో ఇప్పుడు గుర్తులేదు, బహుశా నాన్న మీదే). ఒక ఇంట్లో గడప దగ్గర అత్తగారు బియ్యం ఏరుతోంది, లోపల కోడలు పొయ్యి దగ్గరుంది. నేను అట్ట సరిచేసుకుని ప్రశ్న అడిగీ అడగ్గానే అత్తగారి జవాబు వచ్చేసింది.

"మా ఇంట్ల ఆడోళ్ళు యాడికి పోరు బిడ్డా. ఇజ్జత్ గల్ల ఇల్లు. రాస్కో."

"మీరేమంటారక్కా?" అని లోపలికి తొంగిచూశాను.

"నేనేడికి పోత? ఇంట్లనే ఉంట" అంది కోడలు, తల తిప్పకుండా.

సున్నా వేయడానికి కలం ఎత్తాను. అంతలో కోడలు గిన్నె మీద మూత తీసింది. ఆ వాసన నేరుగా గడప దాకా వచ్చింది. ఒట్టు, ఆ తర్వాత అడిగింది పరిశోధకురాలు కాదు, పొద్దుట్నుంచీ పస్తున్న పిల్ల.

"ఏం కూరక్కా అది?"

కోడలు మొదటిసారి నావైపు తిరిగింది. మొహం విప్పారింది. "చింతచిగురు మటన్."

"ఇంత లేతగా ఉందే! ఎక్కడ దొరికింది?"

"ఈడ దొరకదక్కా, గీ సందుల అమ్మేది అంత ముదురే. నిన్న పొద్దుగాల పోరన్ని బడి కాడ ఇడిసిపెట్టి, గట్లనే బస్సెక్కి బోయిన్‌పల్లి పోయిన."

"ఒక్క చిగురు కోసం అంత దూరమా?"

"ఒక్క చిగురు కోసం ఎవరు పోతరు? ఆడ మా చిన్నమ్మకు జరం. ఆమెను దవాఖానకు తోల్కపోయిన. వచ్చేటప్పుడు దర్జీ కాడ జాకెట్లు తీస్కొని, రేషన్ షాపుల లైన్ల నిలవడి, మల్ల బడి ఇడిసే యాల్లకు..."

నేను గబగబా రాస్తున్నాను. అత్తగారికి అది నచ్చలేదు. నచ్చనిది కోడలు తిరిగినందుకు అనుకున్నాను. కాదు, కూరలో ఘనతంతా కోడలే కొట్టేస్తున్నందుకు! బియ్యం చేట పక్కన పెట్టేసి ముందుకు జరిగింది.

"ఒక్క చిగురు ఉంటే కూర అయితదా? మటన్ ఎవరు తెచ్చిన్రు? నేను తెచ్చిన. గీడ కసాయోడు అన్ని బొక్కలే ఏస్తడని మోండా మార్కెట్ దాకా నడ్సుకుంట పోయి, ముంగట నిలవడి కోపిచ్చుకొని, ఆటోల వచ్చిన. దానికన్న ముందు నాది రాయి బిడ్డా."

"ఆడవాళ్ళు ఎక్కడికీ పోరన్నారు కదమ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "అవ్ మల్ల. గిది పోవుడా? గిది ఇంటి పని."

కలం ఆగిపోయింది. వాళ్ళు నాకు అబద్ధం చెప్పలేదు! మగవాళ్ళు ఆఫీసుకి వెళ్తే అది వెళ్ళడం, షికారుకి వెళ్తే అదీ వెళ్ళడం. ఆడవాళ్ళు ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి బస్సులు మారుతూ తిరిగొచ్చినా అది వంటలోనూ పిల్లల్లోనూ రోగుల్లోనూ కలిసిపోతుంది. ఇంట్లో వాళ్ళకీ కనపడదు, వాళ్ళకి వాళ్ళకీ కనపడదు, ఇక నాలాంటిదానికేం కనపడుతుంది? గంతెయ్యాలనిపించింది. గంతెయ్యలేదు గానీ ఆ ఇంట్లో కడుపునిండా భోంచేశాను (సమాచారం ఇచ్చేవాళ్ళింట్లో తినకూడదని నియమం. ఆ నియమం రాసిన మహానుభావుడు చింతచిగురు మటన్ వాసన చూసి ఉండడు).

ఆనాటి నుంచి అట్టని సంచిలో దాచి, ప్రతి గడపలోనూ కూర దగ్గరే మొదలుపెట్టాను. కూర నుంచి సంతకి, సంత నుంచి బస్సుకి, బస్సులో కలిసిన వదిన నుంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి బడికి ఒక్కో ఇల్లాలూ తీగ లాగినట్టు లాగి చెప్పేది. సైనిక్‌పురి మేడంగారైతే భర్తని లోపలికి పంపించి మరీ చెప్పారు. సిగ్నల్ సారు కొత్త కాగితాలు చూసి చెయ్యి ఎత్తారు, కానీ సగంలోనే దించేశారు. "ఇది బంగారమమ్మా. కానీ రివ్యూలో నిన్ను చూసి నవ్వుతారు, తయారుగా ఉండు" అన్నారు.

నవ్వారు. కమిటీ ఛైర్మన్‌గారు దళసరి కళ్ళద్దాల పెద్దమనిషి. ఊళ్ళో ఏ రోడ్డు వేయాలన్నా ఆయన్ని అడిగి వేస్తారని ప్రతీతి. నా కాగితాలు తిరగేస్తూ, "ఏమ్మా, నువ్వు రవాణా మీద పరిశోధన చేస్తున్నావా, వంటల పుస్తకం రాస్తున్నావా? బెండకాయ వేపుడు ఏమిటిది?" అన్నారు. గదంతా ఘొల్లుమంది. ఆయన ఊరుకోకుండా, "ఆడవాళ్ళు ఇంత తిరుగుతారంటే నేను నమ్మను. మా ఇంట్లో కారుంది, డ్రైవరున్నాడు, అయినా మా ఆవిడ గడప దాటదు" అన్నారు. కాగితాలు మూసి పక్కకి జరిపారు. నా సీటు ఆ కాగితాలతోపాటు బల్ల అంచుదాకా జరిగింది. పోయేదెలాగూ పోతోంది కదా అని ధైర్యం వచ్చింది.

"నిన్న మీ ఇంట్లో ఏం కూర సార్?"

సిగ్నల్ సారు చెయ్యి ఎత్తబోయి తల పట్టుకున్నారు. ఛైర్మన్‌గారు మాత్రం అలవాటుగా జవాబిచ్చేశారు. "పనసపొట్టు. ఆవపెట్టి."

ఆయన పక్కనున్న గోదావరి జిల్లా మెంబరుగారు అంతదాకా కునుకుతున్నవారు చటుక్కున లేచారు. "పనసపొట్టా? ఈ ఊళ్ళోనా? ఎక్కడ దొరికిందండీ? ఏడాదై మా ఇంట్లో మొత్తుకుంటున్నాను!"

"అది... డ్రైవరు తెచ్చుంటాడు."

"కనుక్కోండి సార్, కనుక్కోండి" అంటూ ఆయన బల్లమీది టెలిఫోను లాగి చేతికిచ్చారు. పరిశోధన కోసం కాదు పాపం, పనసపొట్టు కోసం. ఛైర్మన్‌గారు నంబరు తిప్పారు. ఆ తర్వాత మాకు వినపడింది ఒక పక్క మాటలే.

"ఏమోయ్, నిన్న పనసపొట్టు ఎవరు తెచ్చారు? ... నువ్వా? ... బోయిన్‌పల్లా? బస్సులోనా? డ్రైవరేం చేస్తున్నాడు? ... ఆ, నా దగ్గరే ఉన్నాడనుకో... తర్వాత? ... బ్యాంకుకా? ... మా అమ్మ మందులు కూడా నువ్వే... ప్రతి వారమా? ... చెప్పలేదేం? ... నేను అడగలేదా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఛైర్మన్‌గారు ఫోను పెట్టేసి, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మూసి పక్కకి జరిపిన నా కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు.

"కూర్చోండమ్మా. మొదట్నుంచి చెప్పండి" అన్నారు.

నువ్వు కాస్తా మీరు అయింది! చెప్పాను. టీ వచ్చి చల్లారిపోయేదాకా చెప్పాను. సంతకాలైపోయాక గోదావరి మెంబరుగారు వరండాలో నన్ను పట్టుకుని, బోయిన్‌పల్లిలో ఏ వరసలో, ఏ వేళప్పుడు పనసపొట్టు దొరుకుతుందో రాయించుకున్నారు. యూనివర్సిటీలో సీటు నిలబెట్టుకున్నదాన్ని, బస్సులో సీటు లేక ఇంటిదాకా నిలబడే వచ్చాను, దారంతా నాలో నేనే నవ్వుకుంటూ. కండక్టరు నన్ను వింతగా చూశాడు. నాన్న విషయం విని లేచి, బాబాయికి కార్డు ముక్క రాయడానికి కూర్చుని, "అమ్మాయి రాదు. యూనివర్సిటీవారు వదలడం లేదు" అని పైకి చదువుతూ మరీ రాశారు. అమ్మ వంటింట్లోంచి విని కళ్ళొత్తుకుంది.

ఇప్పుడు అలాంటి కమిటీల్లో బల్లకి అవతల పక్క నేను కూర్చుంటున్నాను. దళసరి కళ్ళద్దాలు నాకూ వచ్చాయి. ఆనాటి పిల్ల ఇవాళ నా ఎదుట నిలబడితే ఏం చేస్తానా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. ఇళ్ళ ఎంపిక పద్ధతిగా లేదంటాను. ప్రశ్న అందరినీ ఒకేలా అడగలేదంటాను. భోజనాల సంగతి బయటపడితే మరీ మొహం గంటు పెట్టుకుంటాను. చూడబోతే సీటు ఇచ్చేలా లేను. కానీ తమ్ముడి బూట్లు టపటపలాడించుకుంటూ ఆ పిల్ల తలుపు దాకా వెళ్ళేలోపు, వెనక్కి పిలుస్తానని మాత్రం నామీద నాకు నమ్మకం.