దగ్గరదారి

ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన ఆ పెద్దమనిషి ఇప్పుడు పొద్దున్నే కుర్చీలో నిటారుగా కూర్చుని పూసలు అల్లుతుంటాడు. "కూర్చుని చేసే పని, అదేమన్నా బ్రహ్మవిద్యా?" అని భార్య చేసే పూసల అల్లికను తాను తేలిగ్గా తీసిపారేసి, కూతురి చేతిపట్టీ తానే అల్లుతానని నోరు జారిన ఫలితమిది. నాలుగేసి పూసలకు ఒక చదరపు గడి. ఒక గడిలో సూది కుడికి తిరిగితే పక్క గడిలో ఎడమకు తిరగాలి. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన అలవాటుకొద్దీ పక్క అద్దం కోసం తల తిప్పుతాడు. అక్కడ బీరువా ఉంటుంది. ఐదోరోజుకి పట్టీ పూర్తయితే, భార్య దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చూసింది. ప్రతి గడిలోనూ దారం మూల నుంచి మూలకు అడ్డంగా కనబడుతోంది.

"పూసలోంచి పూసలోకి చుట్టూ తిరిగి రావాలని చెప్పానా లేదా? అన్నిట్లోనూ అడ్డంగా పోయారేంటండీ?"

"దగ్గరదారి కదా అని..." నసిగాడాయన. తర్వాత తనమీద తనకే నవ్వొచ్చింది. "ఈ లెక్కన నా బస్సెక్కినవాళ్ళు క్షేమంగా దిగడం వాళ్ళ అదృష్టమేనోయ్!"

ఆవిడ నవ్వలేదు. ముడి విప్పుతూ అంది: "మరి ముప్పై ఏళ్ళూ నేను బజారుకి నడిచే ఎందుకు వెళ్ళాననుకున్నారు?"