వలదారం సంచి

ఫేబీకి వచ్చిన అల్లిక ఒక్కటే: ఆదివారం చర్చిలో చందా పట్టే చిన్న సంచి. అడుగున గుండ్రంగా మొదలుపెట్టి, వరస మీద వరస పైకి అల్లుకుపోయి, మూతికి లాగుడు తాడు దూర్చడం. జువ్వలదిన్నె స్త్రీల సమాజంలో క్రోషియా సూది పట్టినవాళ్లంతా నేర్చుకున్నది అదే. దేవుడి పని అన్నారు. నూలు దారం కొనిచ్చే దాత మానుకోగానే దేవుడి పనీ ఆగిపోయింది.

ఫేబీ ఆపలేదు. భర్త జడ్సన్ సముద్రం మీద చేపల వేటకు వెళ్లేటప్పుడు ఫోను మెడలో వేసుకోవడానికి, చిరిగిన వలలోంచి తీసిన నైలాన్ దారంతో అదే సంచి అల్లింది. నూలుకు అలవాటైన చెయ్యి. నైలాన్ జారుతుందని తెలియక అడుగు వదులుగా అల్లేసింది. జడ్సన్ అందులో చిటికెనవేలు దూర్చి చూపించాడు.

"ఏమ్మే, ఈ కంతలో రొయ్యపిల్ల గూడా దూరిపోద్ది గదా!"

"ఫోను దూరదులే. నోరు మూసుకోని ఏసుకో."

జడ్సన్‌తో ఒకే పడవలో వెళ్లే పోలేరయ్య భార్య భానుప్రియ తనకూ ఒకటి కావాలంది. "మీ చర్చి సంచి మా ఆయన మెడలో చూస్తే పోలేరమ్మ నన్ను తంతాదేమో అక్కా" అని నవ్వింది. ఈసారి ఫేబీ అడుగు బిగించి అల్లింది. చూపుకు రెండూ ఒకటే.

మగవాళ్లిద్దరూ వేటలో ఉండగా గాలివాన పట్టింది. తగ్గాక వాళ్ల పడవ బోర్లాపడి కనిపించింది. మనుషులు లేరు. వెతుకుతుండగా వేరేవాళ్ల వలలో ఒక సంచి పడింది. మూతి తెరుచుకుని ఉంది, లోపల ఇసుక తప్ప ఏమీ లేదు.

హార్బరు దగ్గర దాన్ని ఫేబీ చేతికిచ్చారు. పాస్టరు యెహోషువ గారు ముందుకొచ్చారు.

"అంతా దేవుని చిత్తం తల్లీ. ఎవరిదో చెప్తే ప్రార్థన చేసుకుందాం."

దేవుని చిత్తం అనే మాటలో ఒక సౌకర్యం ఉంది. అన్నవాళ్లు ఇంటికెళ్లి అన్నం తినగలరు.

"నువ్వల్లిందే గదక్కా" అంది భానుప్రియ. "నాదైతే నాదని చెప్పు." చెప్పొద్దని కళ్లు బతిమాలుతున్నాయి.

ఫేబీ సంచి అడుగున చిటికెనవేలు పెట్టింది. దూరింది.

ఎవరికీ కనపడకుండా పిడికిలి మూసుకుంది. ఇది కాక రెండోది దొరికి ఉంటే! పక్కనే నిలబడ్డ మనిషి మొగుడు పోయి ఉంటే! అలా కోరుకోవడం పాపమని స్త్రీల సమాజంలో నేర్పారు. నేర్పినవాళ్ల మొగుళ్లు ఒడ్డునే ఉన్నారు.

లాగుడు తాడు పీకేసింది. మూతి దగ్గర ఆఖరి ముడిని పళ్లతో కొరికి, దారం కొస పట్టుకుని లాగింది. వరస ఊడింది. దాని కింద వరసా ఊడింది.

"ఏం చేస్తున్నావమ్మా! ఉన్న గుర్తు అదొక్కటే!"

"గుర్తు ఎందుకయ్యగారూ? మడిసిని తెచ్చినాక అడగండి."

పాస్టరు గారు చెయ్యి చాపారు. భానుప్రియ అడ్డం వచ్చింది. ఎవరిదని మళ్లీ అడగలేదు. రెండు చేతులూ ఎడంగా పట్టి, ఊడొచ్చే దారాన్ని వాటికి చుట్టుకోసాగింది.

"లాగక్కా."

బిగువు వరసలు మొండికేశాయి. వదులుగా ఉన్న అడుగు మాత్రం ఒక్క లాగుకే వచ్చేసింది. ఇక మిగిలింది వలదారం. ఆ ఊళ్లో అది ఎవరిదైనా కావచ్చు.