లింకు లేని ముచ్చట

మా చిన్నాయన పోయాడన్న కబురు వచ్చేసరికి నేను జల్‌పల్లిలో, బడి మైదానంలో పిల్లల్ని వరుసలో నిలబెడుతున్నాను. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "అక్కా, బాపుకు పొద్దుగాల ఛాతిల నొప్పొచ్చింది. దవాఖానకు తీస్కపోయినం గానీ..." అని ఆగిపోయాడు. ఇక ఏమీ అడగనవసరం లేకపోయింది. ఈల ఊదుతానని పిల్లలు నా వైపే చూస్తున్నారు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. సాతంరాయిలో సేద్యం చేసుకునే మా ఇంట్లో కంప్యూటర్ చదువు చదివిన మొదటి మనిషి. ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాడు. అది బతుకుతెరువు. ఇష్టం కొద్దీ మాత్రం ఒక చిన్న వెబ్ పేజీ నడిపేవాడు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, ఒక్క ప్రకటన కూడా ఉండదు. ఆ రోజు తాను చదివినవాటికి లింకులు పెట్టి, ఒక్కోదాని కింద తోచిన నాలుగు మాటలు రాసేవాడు. కంప్యూటర్ల సంగతి, వార్తలు, ఆటలు, ఏది మనసుకు పడితే అది. చదివేవాళ్లు చుట్టాలు, ఆఫీసు స్నేహితులు, ఊళ్లో కొందరు పిల్లలు.

పొద్దున చాయ్ పక్కన పెట్టుకుని చదవడానికి కూర్చుంటే అది చల్లారవలసిందే. చిన్నమ్మ మళ్లీ వేడి చేసి ఇచ్చేది, మళ్లీ చల్లారేది. "ఎవరికో పంపేదానికి గంతసేపు సదువుడేంది?" అని ఆమె విసుక్కుంటే, "మొత్తం సదవకుండ పంపుడంటే ఉప్పు చూడకుండ కూర వడ్డించినట్టే" అనేవాడు.

ఏది అడిగినా జవాబులు చెప్పే యంత్రాలు కొత్తగా వచ్చినప్పుడు ఊళ్లో అందరూ ఆయన్నే అడిగారు. వాటి గురించి ఒక వ్యాసానికి లింకు పెట్టి ఇలా రాశాడు: "ఇది అచ్చం మా పెద్దనాయన లెక్క. ఎయిర్‌పోర్టుకు తొవ్వ ఎటని అడిగితే, తెలిసినా తెలియకపోయినా చెయ్యి చూపిస్తడు. తెలువదు అనుడు ఒక్కటే ఇంకా నేర్వలే." అది చదివి ఆ పెద్దనాయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా శంషాబాద్‌లో ఖో ఖో పోటీలు జరిగాయి. ఫైనల్‌లో ఓడిపోయాం. చివరగా దొరికిపోయింది నేనే. ఇంటికొచ్చి బూట్లు మూలకు విసిరేసి, ఇక ఆడనన్నాను. చిన్నాయన ఆఫీసు మానుకుని ఆ ఆట చూడడానికి వచ్చాడని నాకు తెలియదు. ఆ సాయంత్రం ఆయన పేజీలో ఎక్కడో విదేశంలో జరిగిన క్రికెట్ మ్యాచ్ లింకు తరువాత, విడిగా ఇలా ఉంది: "దీనికి లింకు లేదు. ఏ పేపరోళ్లూ రాలేదు. నేనే చూసొచ్చిన. మా బిడ్డ స్తంభం దగ్గర ఒంగి తిరిగిన తీరుకు, తరుముతున్న పిల్ల రెండుసార్లు మట్టి పట్టుకుంది. మూడోసారి మా బిడ్డ దొరికింది. దొరికేదాక ఎట్ల ఉరికిందో చూసినోళ్లు అదృష్టవంతులు." మరునాడు పొద్దున నేనే ఆ మూల నుంచి బూట్లు తీసుకున్నాను. ఇవాళ బడిలో ఆటలు నేర్పి బతుకుతున్నానంటే ఆ నాలుగు మాటలే కారణం.

ఆయన ధైర్యం నేను కళ్లారా చూసింది మాత్రం ఇంకో పొద్దున. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఒక వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చిన రోజులవి. ఊళ్లోకి దుప్పట్లు అమ్ముకోవడానికి ఒక మనిషి వచ్చాడు. భాష రాదు. ఏడుస్తున్న పిల్లవాడిని ఊరుకోబెట్టబోయాడు. అంతే, పదిమంది చుట్టుముట్టారు. నేను బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒకడు అతని అంగీ పట్టుకున్నాడు. ఇంకొకడు కట్టె తెచ్చాడు. ఆఫీసుకు బయలుదేరిన చిన్నాయన బండి ఆపి, గుంపులోకి చొచ్చుకుపోయి ఆ మనిషికి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగన్నా, వీడు పిల్లల దొంగ! ఫోన్ల చూస్తలేవా?"

"చూసిన. నీకంటె ముందే చూసిన. ఆ వీడియోల దుకాణం బోర్డు మీది అక్షరాలు మనయేనా? జర మంచిగ చూడు. గది వేరే దేశంల తీసింది, పాతది. మొన్ననే రాసిన గదా, ఎవరన్న సదివిన్రా?"

ఎవరో తోశారు. కళ్లద్దాలు కిందపడి పగిలాయి. ఆయన కదల్లేదు. ఫోన్ పైకెత్తి, ఆ వీడియోను ఒక్కో చోట ఆపుతూ బోర్డు, బస్సు, పోలీసుల బట్టలు చూపించాడు. కట్టె పట్టుకున్నవాడు మొదట వంగి చూశాడు. తరువాత ఇంకొకరు. నేను పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేసరికి ఆ దుప్పట్ల మనిషి అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. చిన్నాయన అతని భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు.

ఆ రోజు ఆయన రాసింది ఇంతే: "రాసిన గదా అని ఊకుంటే సరిపోదు. ఒక్కోసారి పోయి నిలబడి చదివి వినిపియ్యాలె."

మొన్న పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లాక, చిన్నమ్మ కనబడకపోతే మేడ మీదికి వెళ్లబోయాను. మెట్ల మీద కూర్చుని కొడుకు ఫోన్‌లో ఆ పేజీ చదువుతోంది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని తెరవడం అదే మొదటిసారి. పెదవులు కదుపుతూ, కూడబలుక్కుంటూ, ఒకచోట ఆగి నవ్వింది.

"చిన్నమ్మా, అన్నం తిందువు రా" అన్నాను.

"ఆగు బిడ్డా, మంచి ముచ్చట మీదున్న" అంది తల ఎత్తకుండానే.

ఆమె నిదానంగా చదువుతుంటే ఫోన్ అంతసేపు ఆగలేకపోతోంది. వెలుగు తగ్గిపోయినప్పుడల్లా, నిద్రపోతున్న మనిషిని లేపినట్టు, బొటనవేలితో మెల్లగా తడుతోంది.