మావయ్యగారి ఓవరాయిలింగు

ఆదివారం పొద్దున్నే కిరసనాయిలు వాసన వస్తే నాకు ఒళ్లు మండేది. ఆ వాసన వచ్చిందంటే మా మావయ్యగారు పంచె ఎగ్గట్టి, నా సైకిల్‌కి స్టాండు వేసి, వసారాలో దానికి ఓవరాయిలింగు చేస్తున్నారన్నమాట.

తొంభైల చివర్లో మాట. మేం కోడూరులో ఉండేవాళ్లం. మా ఆయన గుడివాడలో బ్యాంకు ఉద్యోగి, వారానికోసారి వచ్చేవారు. నేను సముద్రం వైపు ఒక మత్స్యకారుల పల్లెలో టీచర్ని. ఏకోపాధ్యాయ పాఠశాల. అంటే హెడ్‌మాస్టరూ నేనే, అటెండరూ నేనే, తాళంచెవి కూడా నా హ్యాండ్‌బ్యాగులోనే. అటు బస్సు లేదు. కాలవ గట్టు మీద, రొయ్యల చెరువుల మధ్య సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాల్సిందే. వేళకి తలుపు తీయకపోతే పిల్లలు నాకోసం కాచుక్కూర్చోరు. రొయ్యలు వలిచే షెడ్డుకో, ఎండుచేపలు తిరగెయ్యడానికో తల్లుల వెంట వెళ్లిపోతారు. అలా వెళ్లిన పిల్లని మళ్లీ తెచ్చి పలక ముందు కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. పైగా మండల విద్యాధికారిగారు, బడి మూసి ఉందని ఇంకోసారి వింటే దాన్ని కాలవ అవతలి బడిలో కలిపేస్తానన్నారు. ఆ పిల్లలు కాలవ దాటి బడికెళ్లరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ఆ బడి నిలబడ్డం నా సైకిల్ మీద ఆధారపడి ఉంది. నా సైకిలేమో మావయ్యగారి దయ మీద ఆధారపడి ఉంది.

రెండు పెడళ్లనీ కలుపుతూ అడ్డంగా ఒక ఇరుసు ఉంటుంది కదా, అది రెండు కొసల్లోనూ ఇనప కప్పుల్లో, చిన్న చిన్న ఉక్కు గోళీల మీద తిరుగుతుంది. గోళీల చుట్టూ గ్రీజు ఉన్నంతకాలం తొక్కుతున్నట్టే తెలీదు. గ్రీజు పోయిందా, ముందు కిర్రుమంటుంది, తర్వాత టక్కుటక్కుమంటుంది, ఆ తర్వాత పెడలు ఊగులాడుతుంది, ఆఖరికి నడిరోడ్డు మీద పట్టేస్తుంది. ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు, నా మోకాళ్లకి తెలిసింది.

దారిలో ఉచిత సలహాలకేం తక్కువ లేదు. "టీచరుగారూ, మీ చైను రాసుకుంటుందండీ" అనేవాడు చెరువు కాపలా మనిషి. "చైను కాదెహె, సీటు స్ప్రింగు" అనేవాడు పక్కవాడు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే నేను మధ్యలో చెమటలు కక్కుకుంటూ వెళ్లేదాన్ని.

మొదటిసారి పాడైనప్పుడు మా సెంటర్లో మెకానిక్కు విప్పి, తన దగ్గరున్న గోళీలేవో వేసి బిగించాడు. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ టక్కుటక్కు. సరుకు నాసిదేమోనని ఈసారి నేనే బందరు వెళ్లాను. విడిభాగాల కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "మగవాళ్లెవరినన్నా పంపించండి మేడం, వాళ్లకైతే అర్థమవుద్ది" అన్నాడు.

"తొక్కేది నేనండీ. నాకే చూపించండి" అన్నాను.

ఇక తప్పదన్నట్టు రెండు రకాలు బల్ల మీద పడేశాడు. ఒకటి గుండ్రటి రేకు చట్రంలో ముందే కూర్చిన గోళీలు. బిగించడం చిటికెలో పని, కానీ చట్రమే సగం చోటు తినేస్తుంది, గోళీలు తక్కువ పడతాయి. రెండోది విడి గోళీలు. గ్రీజులో ఒక్కొక్కటే పేర్చాలి, చేసేవాడికి విసుగు. కానీ కప్పు నిండా పడతాయి, బరువు అన్నీ పంచుకుంటాయి. నేను విడివే తీసుకున్నాను. పాత కప్పులకి గుంటలు పడ్డాయని మెకానిక్కు చెప్పాడు కాబట్టి, కప్పులూ ఇరుసూ కూడా కొత్తవే కొన్నాను.

మెకానిక్కు అన్నీ శ్రద్ధగా పేర్చి, బిగించి, పెడలు ఒక్కసారి తిప్పి వదిలాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"ఓవరాయిలింగు అయిపోయిందండీ. ఇంక దీంట్లో ఆయిలు మాత్రం పోయనివ్వకండి" అన్నాడు. "మేష్టారు పోసే కిరసనాయిలుకి గ్రీజంతా కడుక్కుపోద్దండి. ఎన్ని గోళీలేసినా అంతే."

"అదేదో ఆయనతోనే చెప్పరాదూ?"

"అమ్మో! నాకు ఇంగ్లీషు చెప్పిన మేష్టారికి నేను చెప్పడమేంటండీ!"

అదీ అసలు చిక్కు. మావయ్యగారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా మా అరుగు మీదికే తెచ్చేవారు. ఓవరాయిలింగు సంగతి ఆయన నాకు పాఠం చెప్పినట్టు చెప్పారు. "ఓవర్ అంటే పైనుంచి. ఆయిలింగ్ అంటే నూనె పోయడం. చెయ్యాల్సిన పని మాటలోనే ఉంది కదమ్మా!" పైగా ఇరుసు గొట్టం మీద ఒక చిన్న చిల్లు, దానికో మూత ఉన్నాయి. నూనె పోయడానికి కాకపోతే ఆ చిల్లెందుకని ఆయన ప్రశ్న. నూనె పల్చగా ఉంటే లోపలిదాకా దిగుతుందని అందులో కిరసనాయిలు కలిపేవారు. కోడలి మీద అంత ప్రేమ!

ఆ మాట ఓవరాయిలింగు కాదు, ఓవర్‌హాలింగ్ అనీ, అంటే మొత్తం విప్పి బాగుచేయడమనీ నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇంగ్లీషు మాస్టారి ఇంగ్లీషుకి కోడలు తప్పు పట్టడమా? మా ఆయనతో చెబితే, "నువ్వే నెమ్మదిగా చెప్పు" అన్నారు. "మీ నాన్నగారు, మీరే చెప్పండి" అన్నాను. "నేనా? బాగుంది!" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. కక్కలేక మింగలేక నేను ఊరుకున్నాను. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. కిరసనాయిలు దిగుతూనే ఉంది. బందరు వెళ్లి ఏరి తెచ్చిన గోళీలు కూడా కిర్రుమనడం మొదలుపెట్టాయి.

ఆఖరికి ఒకరోజు కాలవ గట్టు మీద, ముందూ వెనకా ఊరు లేని చోట, ఇరుసు పట్టేసింది. పెడలు మీద నిలబడి తొక్కితే లోపల ఏదో పటుక్కుమంది. మిగతా దారంతా ఆ ఇనప శవాన్ని నెట్టుకుంటూ నడిచాను. బడి దగ్గరికి చేరేసరికి గుమ్మం ముందు జీపు ఉంది, విద్యాధికారిగారు ఉన్నారు, తలుపుకి తాళం ఉంది. పిల్లలు లేరు.

"ఈ బడి ఎవరి కోసమమ్మా? తాళం కోసమా?" అన్నారాయన. నల్లటి జిడ్డు చేతుల్తో సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. సైకిల్ పాడైందంటే, రోజూ అందరూ చెప్పేదే అన్నారు. "ఇదే ఆఖరుసారి. ఈసారి కలిపేస్తే నన్ను అనొద్దు."

ఇంటికొచ్చేసరికి మావయ్యగారు ఎదురొచ్చి, "అయ్యో, ఆగిపోయిందా? ఈ వారం నూనె సరిపోలేదేమో" అన్నారు.

ఇంక నా వల్ల కాలేదు. "నూనె ఎక్కువయ్యే ఆగింది మావయ్యగారూ! అది ఓవరాయిలింగు కాదు, ఓవర్‌హాలింగ్! మీరు కిరసనాయిలు పోసిపోసి గ్రీజంతా కడిగేశారు. నా బడి పోయేలా ఉంది!" అని అరిచాను. అవును, అరిచాను. అరవక?

కోప్పడతారనుకున్నాను, లేదా అన్నం మానేస్తారనుకున్నాను. ఆయన కాసేపు పెదవులు కదిపి ఆ మాట లోపల్లోపల అనుకున్నారు.

"నిజమేనమ్మా. ఆయిల్ కాదు, హాల్," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మరి మొదట్లోనే చెప్పలేదేం? మానేసేవాణ్ణి కదా."

అంతే! ఆ ఒక్క ముక్క చెప్పలేక నేనూ, మా ఆయనా, మెకానిక్కూ అన్నాళ్లు నోళ్లు కట్టేసుకుని కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం పోయి, మా అందరి మర్యాద మీదా కోపం వచ్చింది.

మర్నాడు ఆయనే సైకిల్‌ని షాపుకి నడిపించుకెళ్లి, మళ్లీ విడి గోళీలే పేర్పించుకొచ్చారు. ఆ వారమంతా సైకిల్ గాలిలో తేలినట్టు నడిచింది. ఆదివారం కిరసనాయిలు వాసన రాలేదు. సాయంత్రం ఆయన నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, నీ దారికి అడ్డంగా నేను ఇంకేమైనా చేస్తున్నానా? ఈసారి దాచకు."

చేస్తున్నారు. రోజూ నేను చెప్పుల్లో కాళ్లు పెట్టే వేళకి ఇంగ్లీషు పేపరు తెచ్చి, సంపాదకీయం పైకి చదివి, వాక్యానికి వాక్యం నాకు అర్థం చెబుతున్నారు. నేను బయల్దేరడం ఆలస్యమయ్యేది ముందు అక్కడే.

"అబ్బే, ఏం లేదండీ మావయ్యగారూ" అంది నా నోరు.

ఆయన మొహం వెలిగిపోయింది. సోమవారం పొద్దున్న, నేను సైకిల్ స్టాండు తీస్తుంటే పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఒక్క నిమిషం అమ్మా, ఈ వాక్యం విను."

లోపల గడియారం వైపు చూశాను. మళ్లీ స్టాండు వేశాను.

"చదవండి మావయ్యగారూ" అన్నాను.