కాక అడిగిన కాల్చిన కోడి

మా ఆఫీసు చౌరస్తాకు దగ్గర. నాలుగడుగులు వేస్తే టీ కొట్లు, టిఫిన్ సెంటర్లు, బిర్యానీ. బొగ్గుల మీద కాల్చిన కోడి మాత్రం మందు దుకాణాల పక్కనే దొరుకుతుంది. అక్కడ ఆడవాళ్లం కూర్చోలేం.

మా అటెండరు భూగర్భ బొగ్గు గనిలో చాలా ఏళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక మా ఆఫీసుకు వచ్చిన పెద్దాయన. అందరం కాకా అనేవాళ్లం. ఆయన రిటైరయ్యే వారం ఏం కావాలని అడిగితే శాలువా వద్దన్నాడు.

"కాల్చిన కోడి తినిపియ్యుండ్రి. మీ కాకి పోయినంక మళ్ల తిన్లే. అందరం కూసోని, నిమ్మలంగ."

కాకి అంటే ఆయన భార్య. చోటు వెతికే పని నాకు అప్పగించారు. నేను బడికి పోకుండా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని. దండం పెట్టనిదే ముద్ద ముట్టను. అంత పద్ధతిగా పెరిగిన నేను కూర్చోగలిగిన చోట ఎవరైనా కూర్చోవచ్చని మా ఆఫీసువాళ్ల నమ్మకం.

మూడు మధ్యాహ్నాలు తిరిగితే ఒకటి దొరికింది. ఎర్ర కుర్చీలు, బార్బెక్యూ అని కొత్త బోర్డు, మందు లేదు. దేవుడే చూపించాడనుకుని దారిలో గుడి ముందు ఆగి దండం కూడా పెట్టుకున్నాను. వెనక్కి వెళ్లి పొయ్యి మాత్రం చూడలేదు.

బుధవారం ఏడుగురం వెళ్లాం. పళ్లెం ముందుకు రాగానే ముక్కుకు తెలిసిపోయింది. గని బొగ్గు. మా ఊళ్లో దానితో వండని ఇల్లు ఒకప్పుడు లేదు. కానీ ముందు వాకిట్లో పోసి అంటించి, పసుపుపచ్చ పొగంతా పోయి కణకణలాడాకే కుంపట్లోకి ఎత్తేవాళ్లం. అప్పుడు కూడా గిన్నె పెట్టి వండటమే, మాంసం నేరుగా కాల్చేది కట్టెబొగ్గు మీదే. ఇది చిన్నపిల్లలకూ తెలుసు.

కాక ఒక ముక్క నమిలాడు. దగ్గు మొదలైంది. నీళ్లు తాగాడు. మా మనసు నొచ్చుకుంటుందని ఇంకో ముక్క అందుకున్నాడు.

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లాను. దుకాణం అతనూ ఈ ఊళ్లో పుట్టినవాడే, కాకను ఎరిగినవాడే.

"గని బొగ్గు మీద కాలుస్తున్నవా తమ్మీ?"

"ఏమైతదక్కా, బొగ్గు బొగ్గే. మసాలా గట్టిగ పట్టిచ్చిన."

"పొగ పోయేదాంకనన్న ఆగాలె గద. మీ అవ్వ నేర్పలేదా?"

అతను పళ్లు బయటపెట్టాడు. "మీ కాక జిందగీ అంత గదే పీల్చిండు గదా. ఇయ్యాల కొత్తనా ఆయనకు?"

పక్క బల్ల వాళ్లు నవ్వారు. మా వాళ్లలోనూ ఒకరు నవ్వారు. అన్నం దగ్గర కోపం చూపొద్దని అమ్మ చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే అన్నాను.

"గనిల జీతానికి పీల్చిండు. నీ తాన తిననీకి వచ్చిండు."

వచ్చి కాక ముందున్న పళ్లెం పక్కకు జరిపాను.

"లే కాకా."

"ఉండనీ బిడ్డా, దండుగైతది."

"లే."

పెట్టిన తిండిని దండం పెట్టకుండా వదిలేసి రావడం నాకదే మొదలు.

మర్నాడు మా ఇంటి కుంపటి, తుమ్మ కట్టెబొగ్గులు, ఉప్పూకారం పట్టించిన కోడి స్కూటీ మీద పెట్టుకుని వెళ్లాను. లంచ్ గంటకు ఆఫీసు వెనుక సైకిల్ షెడ్డులో నిప్పు రాజేశాను. మా సూపరింటెండెంటు వచ్చి నిలబడ్డాడు.

"ఏందమ్మా ఇది, ఆఫీసా, దాబానా?"

విసనకర్ర ఆపలేదు. "చౌరస్తాల మేమందరం కూసునే తావు ఒక్కటి చూపియ్యుండ్రి సార్, ఇప్పుడే ఆర్పేస్త."

పొగ తన కిటికీ వైపు రానివ్వొద్దని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

కాక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ముక్కను ముందు వాసన చూసి, తర్వాత కొరికాడు. నేను ఆయన గొంతు వైపే చూస్తున్నాను. దగ్గు రాలేదు. అప్పుడు చేతులు జోడించాను. తిండి ఇచ్చినందుకు, ఆయన ఊపిరి ఆడుతున్నందుకు. కోపం తగ్గించమని మాత్రం అడగలేదు.

"ఉప్పు తక్కువైంది బిడ్డా," అంటూ కాక ఇంకో ముక్క తీసుకున్నాడు.