పొడుగు చెయ్యి బండి

పెళ్ళికి సంబంధాలు చూసేవాళ్ళు కూడా అంత తిరగరు. మినీ ట్రాక్టర్ కోసం మా తోడికోడలు ఆ వేసవంతా ఊళ్ళో ఉన్న ప్రతి దుకాణం మెట్లూ ఎక్కింది, ప్రతి సీటు మీదా కూర్చుని చూసింది. ఆవిడ సిటీ బస్సు నడుపుతుంది. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ స్టీరింగక్కే. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు.

బండి ఎందుకంటే, మా ఇల్లు మట్టిగుట్ట కింద ఉంది. వానాకాలం వచ్చిందంటే చాలు, గుట్ట మీది మట్టి జారి వెనకగది గోడకి ఆనుకునేది. ఆ గదిలో ఉండేది మా అత్తయ్య. ముందుగదిలోకి రమ్మని ఎంత బతిమాలినా, "ఇక్కణ్ణించి నన్ను కదిలించే మొనగాడు ఇంకా పుట్టలేదు" అనేది. గది తలుపు ఏటా పట్టేసేది. మా బావగారు, అంటే స్టీరింగక్క మొగుడు, వడ్రంగి. వడ్రంగికి లోకమంతా చెక్కే కదా! "చెమ్మకి చెక్క ఉబ్బిందమ్మా" అంటూ చిత్రిక పట్టి పోయేవాడు. తలుపు ఏటికేడు సన్నబడుతోంది గానీ, గోడ ఒరుగుతోందేమోనని ఆ మహానుభావుడికి ఏనాడూ తోచలేదు.

"ఏటా పారలతో ఎత్తిపోయడం ఇంక నా వల్ల కాదు. ఈసారి వానలకి ముసలావిడ నిశ్చింతగా పడుకోవాలి" అంది అక్క. పక్క వాటాలో ఉన్న పాపానికి నన్నూ వెంట లాక్కుపోయింది.

చివరికి రెండు బండ్లు మిగిలాయి. రెండింటికీ ముందు మట్టి తోసే తొట్టి, వెనక తవ్వే చెయ్యి. ఒకటి చిన్నది, ఇంటి పక్క సందులోంచి హాయిగా పోతుంది. రెండోది కాస్త పెద్దది, చెయ్యి బాగా పొడుగు. "తవ్వేటప్పుడు పక్కలకి దించే కాళ్ళు గోడకి తగలవు కదా? సీటు వెనక్కి తిరుగుతుందా, నేనే దిగి అటు ఎక్కాలా?" అంటూ అక్క దుకాణం మనిషికి ఊపిరాడనివ్వలేదు.

"ఇంతకీ ఏం తవ్వుతారమ్మా?" అన్నాడతను.

"ఇంటి వెనక గుట్ట."

"అయితే ఇంక ఆలోచనెందుకు? పొడుగు చెయ్యే తీసుకోండి. మొదలంటా తీసి పారేస్తుంది."

నాకెందుకో ఆ మాట నచ్చలేదు. "చిన్నది చాలదా అక్కా? పడ్డ మట్టి ఎత్తడానికే కదా" అన్నాను.

"పడ్డది ఎత్తుతూ కూర్చుంటే జన్మంతా అదే పని. అసలు పడకుండానే చేస్తా" అంది. పట్టు పట్టిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినే రకం కాదు. పెద్దదే వచ్చింది.

వారం తిరక్కుండా గుట్ట మొదలును కత్తితో కోసినట్టు నిటారుగా కోసేసింది. తీసిన మట్టి సగం లారీలకెత్తించి, సగం మూలన పోయించింది. ఇంటికీ గుట్టకీ మధ్య పిల్లలు పరుగులు పెట్టేంత పెరడు వచ్చింది. అత్తయ్య కిటికీలోకి మొట్టమొదటిసారి ఎండ పడింది. కోడలు చేసిన ఏ పనినీ ఏనాడూ బాగుందనని మనిషి, పక్కింటావిణ్ణి పిలిచి మరీ చెప్పింది: "మా పెద్దకోడలు నాకు సూర్యుణ్ణి తెచ్చిపెట్టింది." అది విని అక్క లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నాకు కాస్త కుళ్ళు పుట్టింది, అబద్ధమెందుకు.

ఆ తర్వాతే నాకు భయం మొదలైంది. వాన చుక్క లేదు. అయినా పొద్దున్న లేచేసరికి గుట్ట అడుగున కొంచెం మట్టి రాలి ఉండేది. అక్క డ్యూటీకి వెళ్ళేముందు దాన్ని ఎత్తేసేది. మర్నాడు ఇంకాస్త ఎక్కువ రాలేది. "చూశావా, బండికి రోజూ పనే. ఊరికే కొన్నానా!" అని నవ్వేది. మండుటెండల్లో వెనకగది తలుపు పట్టేసింది. బావగారు చిత్రిక తీశాడు.

"ఈ ఎండల్లో చెమ్మెక్కడిదండీ?" అన్నాను.

"కొత్తగా పెరటి గాలి తగుల్తోంది కదమ్మా" అన్నాడు. ఏం చెప్పాలి ఆయనకి!

ఒక ఆదివారం, గాలికి ఎగిరిపోయిన దుప్పటి కోసం గుట్ట ఎక్కాను. పైన గడ్డిలో కాలు మోకాలి దాకా దిగబడిపోయింది. గడ్డి తప్పించి చూస్తే నేల చీలి ఉంది. ఆ చీలిక మా ఇంటి పొడవునా ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. దుప్పటి అక్కడే వదిలేసి కిందికి పరిగెత్తాను.

అక్క వచ్చి చూసింది. కత్తివేటుకు ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గుట్ట కాళ్ళు నరికేశానే. దాన్ని నిలబెట్టిన మట్టినే రోజూ తీసి పారేశాను" అంది.

అప్పటికే మబ్బు కమ్ముకుంటోంది. మగవాళ్ళిద్దరూ పనుల మీద బయటికెళ్ళారు. పిల్లల్ని పక్కింటికి తరిమేశాం. అత్తయ్య మాత్రం కిటికీ దగ్గర్నుంచి కదలదే! "చీకట్లో ఉన్నన్నాళ్ళూ ఉండి, ఎండొచ్చాక పొమ్మంటారేమిటే?" అంది.

"మీకు దణ్ణం పెడతా అత్తయ్యా, లేవండి. గుట్టని మీ మీదికి తెచ్చింది నేనే. నేను తవ్వడం వల్లే ఇదంతా."

"నువ్వే తవ్వావుగా, నువ్వే పూడ్చు. దానికింత గోలెందుకు?"

అక్క చరచరా వెళ్ళి బండి ఎక్కింది. మూలనున్న మట్టిని తొట్టితో గుట్ట అడుగుకి తొయ్యడం మొదలుపెట్టింది. వాన అందుకుంది. దిగమని నేను పెరటి చివర నుంచి గొంతు చించుకుంటున్నాను. కిటికీలోంచి అత్తయ్యా అరుస్తోంది.

"ఏయ్, వానలో ఏమిటా పని? దిగు!"

"మీరు లేస్తే దిగుతా!"

"నువ్వు దిగితే లేస్తా!"

ఇద్దరూ ఇద్దరే. ఇన్నేళ్ళూ ఉప్పు దగ్గరా కారం దగ్గరా సాగిన పంతమే అది, చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

కాసేపటికి కిటికీలో అత్తయ్య కనిపించలేదు. హమ్మయ్య, లేచింది, ముందు గుమ్మంలోంచి వీధిలోకి పోతుందనుకున్నాను. వీధిలోకి పోలేదు. తలమీద కొంగు కప్పుకుని, సందులోంచి పెరట్లోకి వచ్చింది. బండి పక్కన నిలబడి చెయ్యి చాపింది.

"లేచానుగా. దిగవే పిల్లా, జ్వరమొస్తుంది" అంది.

గుట్ట పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు. బస్తా మూతి విప్పితే గింజలు జారినట్టు జారింది. అక్కని బండి మీది ఇనుప చట్రం కాపాడింది, మట్టి ఆవిడ నడుము దాకా వచ్చి ఆగింది. వెనకగది దాకా అసలు రానేలేదు. గదికి ఏమీ కాలేదు.

ఎవరో పెద్ద యంత్రం తెప్పిస్తామన్నారు. వద్దంటే వద్దని అక్క అరిచింది. వీధి వీధంతా వచ్చి, ముందు అక్కని బయటికి లాగి, మట్టి చేతుల్తోనే తీశాం. మొదట అత్తయ్య చెయ్యి బయటపడింది. అక్క దాన్ని పట్టుకుని ఆ బురదలోనే కూర్చుండిపోయింది. ఏడవలేదు. నాకు తెలిసే ఉంటుందన్నట్టు నా వైపు తిరిగి అడిగింది.

"కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ఒక్కనాడు నా మాట వినని మనిషి, ఇవాళే ఎందుకు విన్నదే?"