కంచె మీద ఆకుపచ్చ గొడుగులు

బస్టాపు ఎదురుగా మెట్ల మీద కూర్చుని ఇరవై రెండేళ్లుగా గొడుగులు బాగుచేసే ఆయన్ని అందరూ గొడుగులాయన అనే పిలిచేవారు. విరిగిన కడ్డీని వేలితో తడిమి, చూడకుండానే ఎక్కడ అతుకు వెయ్యాలో చెప్పేవాడు. మనిషి మంచివాడే కాని మాట పెళుసు. ఆయన భార్య రెండు వీధుల అవతల బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు కుట్టేది. నోట్లో నాలుక లేని మనిషని ఇరుగుపొరుగు అనుకునేవారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

సాయంత్రం ఏడింటికి మాత్రం ఆమెను కదిలించడం ఎవరి తరమూ కాదు. టీవీలో ‘గొడుగక్క’ సీరియల్ వచ్చేది. ఆకుపచ్చ గొడుగు పట్టుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఒకావిడ కథ అది. దారిలో ఎవరు తడుస్తూ కనబడినా ఆవిడ గొడుగు పక్కకు జరిపి, “రా, ఇద్దరికీ సరిపోతుంది” అనేది.

“పొద్దస్తమానం గొడుగులతోనే చస్తున్నా. ఇంటికొచ్చాక కూడా గొడుగేనా?” అని ఆయన విసుక్కునేవాడు.

“ఒక్కరోజు కూర్చుని చూడండి. నవ్వు రాకపోతే నన్నడగండి.”

“రేపు చూస్తాలే.”

ఆ రేపు మూడేళ్లు సాగింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ వెనకభాగం కూలిపోయింది. గోడకు బీటలున్నాయని పనివాళ్లు ముందురోజే మొత్తుకున్నారు. వినే నాథుడు లేకపోయాడు. ముప్ఫై ఒక్కమంది పోయారు. గుండీల బల్ల దగ్గర కూర్చున్న తొమ్మిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

మూడోరోజు, శిథిలాల చుట్టూ వేసిన ఇనుపకంచెకు ఎవరో ఒక ఆకుపచ్చ గొడుగు కట్టారు. దాని మీద సుద్దతో ‘రా, ఇద్దరికీ సరిపోతుంది’ అని రాసి ఉంది. వారం తిరిగేసరికి ఇక కంచె కనబడలేదు, అన్నీ గొడుగులే. ఆ ఫ్యాక్టరీ ఎక్కడుందో కూడా ఎరగనివాళ్లు ఊరి ఆ చివర నుంచి వెతుక్కుంటూ వచ్చి కట్టివెళ్లారు. గొడుగు దొరకనివాళ్లు కాగితం మీద బొమ్మ గీసి అంటించారు.

గొడుగులాయనకు ఒళ్లు మండింది. విసవిసా వెళ్లి చేతికందిన గొడుగు తాడు తెంపాడు. “మా ఇంటి మనిషి పోతే టీవీ బొమ్మను తెచ్చి వేలాడదీస్తారా? ఇదేమన్నా వేడుకా?”

చెయ్యి మెడకు కట్టుకున్న ఒక పడుచు ఎదురొచ్చింది. ఫ్యాక్టరీలో ఇస్త్రీ చేసే పిల్ల. ఆ సమయానికి వీధివైపు మెట్ల మీద ఉండబట్టి బతికింది.

“తెంపకండన్నయ్యా. మొదటిది నేనే కట్టాను. వదిన కోసం.”

“మా ఆవిడ నీకు తెలుసా?”

“తెలియకపోవడమేంటి! సీరియల్ చూడ్డానికి తీరికలేని వాళ్లం పదిమందిమి ఉండేవాళ్లం. టీ టైములో ముందురోజు కథంతా ఆడి చూపించేది వదినే. గజంబద్దని గొడుగులా పట్టుకుని బల్లెక్కేది. మాకు గొడుగక్కంటే ఆ టీవీలో ఆవిడ కాదండీ, వదినే!”

ఆయన బల్లెక్కిన భార్యను ఊహించుకోబోయాడు. చేతకాలేదు. తెంపిన తాడు మళ్లీ ముడివేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ నెలాఖరున గాలివాన కొట్టి సగం గొడుగులు వెనక్కి తిరగబడ్డాయి. మర్నాడు పొద్దున్నే ఆయన తన పనిముట్ల పెట్టె తెచ్చుకుని కంచె పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కటే విప్పి, కడ్డీలు సరిచేసి, తిరిగి కట్టాడు. కట్టినవాళ్లు వచ్చి పక్కన చతికిలబడి తమవాళ్ల గురించి చెప్పుకునేవారు. ఒకామె తల్లి హడావుడిలో రెండు కాళ్లకూ వేరువేరు చెప్పులు వేసుకుని పనికి వెళ్లిందట. ఇంకొకామె భర్త పాటెత్తుకుంటే వీధిలో కుక్కలు అందుకునేవట. ఆయన వినేవాడు. తను చెబుదామంటే మాత్రం ఏమీ తోచేది కాదు. పదిహేడేళ్లు కాపురం చేసిన మనిషి గురించి ఆ ఇస్త్రీ పిల్లకు తెలిసినంత తనకు తెలియదు.

ఒకరోజు ఆమెనే అడిగాడు. “చెల్లెమ్మా, ఏడింటికి మీ ఇంటికి రావచ్చా? ఆ సీరియల్ ఒక్కణ్ణీ కూర్చుని చూడలేకపోతున్నా.”

వెళితే ఆమె అత్తగారు కుర్చీ వేసింది. సీరియల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆయనకు అంతుపట్టలేదు. ఆ పెద్దావిడ ఓపిగ్గా విడమరిచింది. ఇంతలో తెరమీదికి చిర్రుబుర్రులాడుతూ పోస్టుమాస్టరు వచ్చాడు. ఇస్త్రీ పిల్ల గొడుగులాయన వంక చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఏమైంది?”

“కోప్పడనంటే చెప్తా. ఈ పోస్టుమాస్టరు వేషం వేసినప్పుడు వదిన అచ్చం మీలాగే నడిచేది.”

“ఎలా?”

ఆమె లేచింది. బాగున్న చేతిని నడుముకు ఆనించి, ఒక భుజం వంచి, రెండడుగులకోసారి గొంతు సవరించుకుంటూ గది ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. తలుపు దగ్గర ఆగి, గడియ పడిందో లేదోనని రెండుసార్లు తట్టి చూసింది. అది ఆయన అలవాటే. ఎవరూ గమనించలేదనుకున్నాడు.

ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని, “ఇంకోసారి చెయ్యమ్మా” అన్నాడు.

ఆమె మళ్లీ నడిచింది. ఆ నడకలో ఎక్కడైనా తన భార్య కనబడుతుందేమోనని ఆయన రెప్పవేయకుండా చూశాడు. మూడోసారి అడగాలని నోటిదాకా వచ్చింది. ఆ పిల్లకు చెయ్యి నొప్పి పెడుతోందని ఊరుకున్నాడు.

మర్నాడు ఏడు కాకముందే వచ్చి కూర్చున్నాడు.